పొలం కాడ డ్రోన్ బ్యాటరీల ఛార్జింగ్: ట్రాలీకి పెట్టిన ఇన్వర్టర్ పది నిమిషాలకే ఆగిపోతున్నది

పరకాల డ్రోన్ అక్క

అందరికి నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మా మహిళా సంఘం తరఫున నేను మందు కొట్టే డ్రోన్ నడుపుతున్న. మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే కేంద్రం స్కీము నమో డ్రోన్ దీదీ కింద వచ్చిన పది లీటర్ల డ్రోన్. 8 లక్షలు దాటకుంట 80 శాతం సబ్సిడీ, మిగిలింది సంఘం పేరు మీద లోన్. ఐదు రోజులు పైలట్ ట్రైనింగ్, పది రోజులు పంట మందుల ట్రైనింగ్ అయినయి. ఎగిరేసుడుల నాకు భయం లేదు. గట్టు మీద చెట్టున్నా, కరెంటు తీగ ఉన్నా చూసుకొని కొడుత. నా తిప్పలంత ఛార్జింగ్‌తోనే.

నా బ్యాటరీ ప్యాకులు 6ఎస్ (లోపట ఆరు సెల్లులు వరుసగ), 16,000 ఎంఏహెచ్ (16 ఆంపియర్ అవర్లు). రెండు కలిస్తే ఒక సెట్టు. డ్రోన్‌తోని ఒకటి, మీద నాలుగు, మొత్తం ఐదు సెట్లున్నయి. ఒక సెట్టుకు ఒక ట్యాంకు, అంటే ఎకరం. దిగేటప్పటికి ఇంక ముప్పై శాతం చిల్లర ఉంటది, అంతకన్న కిందికి పోనియ్యను. రాత్రి ఇంట్ల ఐదు సెట్లు ఫుల్ చేసుకొని పొద్దున ఆరింటికి పొలంల దిగితే ఎనిమిదిన్నర వరకల్లా ఐదు ఎకరాలు అయిపోతయి. అప్పటికి గాలి ఇంక లేవదు, ఎండ ముదరదు, రైతు ఇంకో నాలుగు ఎకరాలు కొట్టమంటడు. నా దగ్గర బ్యాటరీలు ఉండయి. ఐదు సెట్లతోని రోజుకు 20 ఎకరాలు అయితయని స్కీము లెక్క. అట్ల కావాలంటే పక్కన ఛార్జింగ్ నడుస్తనే ఉండాలె.

అందుకని మా ఆయన డీజిల్ ట్రాలీకి (చిన్న సరుకుల బండి) ఇన్వర్టర్ పెట్టించినం. 12 వోల్టుల నుంచి 230 వోల్టులు, 1500 వాట్లు అని డబ్బా మీద రాసి ఉన్నది. బ్యాటరీ బండి పక్కకు కిందికి ఉంటది, ఇన్వర్టర్ వెనక బాడీల పెట్టినం. మధ్యల మూడు మీటర్లు వస్తది. దాంతోని వచ్చిన వైరు సరిపోకపోతే మెకానిక్ ఇంటి వైరింగుకు వాడే 6 స్క్వేర్ ఎంఎం వైరు జోడించిండు. నా ఛార్జర్ రెండు ఛానెళ్లది, ఒక్కోదానికి 16 ఆంపియర్లు పెడుత.

ఇంటి ముందట చూసినప్పుడు బల్బు వెలిగింది, గ్రైండర్ తిరిగింది, సంబరపడ్డం. పోయిన వారం రేగొండ దాటినంక ఒక మిరప తోటల అసలు సంగతి బయటపడ్డది. నల్ల తామర పురుగు పూతల చేరింది, ఆ రైతు మొకం చూస్తనే బాధ అనిపించింది. తొమ్మిది ఎకరాలు ఉన్నది. ఐదు అయినయి. ఆరో దానికోసం బండి స్టార్ట్ చేసి పెట్టి ఛార్జర్ తగిలిస్తే పది నిమిషాలకు ఇన్వర్టర్ పీ... పీ... అని మొత్తుకొని ఆగిపోయింది. మళ్ల వేస్తే మళ్ల ఆగింది. వైరు చెయ్యి పెట్టలేనంత వేడి. జోడించిన కాడ టేపు కరిగి వాసన వచ్చింది. నాలుగోసారి బండి కూడ ఆగింది, సెల్ఫ్ తిరగలేదు. రైతు, ఆయన ఇద్దరు కొడుకులు తోసిండ్రు. డ్రమ్ముల అప్పటికే కలిపిన మందు తెల్లారి దాక ఉంచొద్దని చెప్పిన, పాపం వాళ్లు తైవాన్ పంపు భుజానేసుకొని ఆ ఎండల కొట్టుకున్నరు. డ్రోన్ తెచ్చుకున్నదే ఆ మందు మనుషుల మీద పడొద్దని. ఆ రోజు నాకు అన్నం పోలేదు.

ఇన్వర్టర్ ఖరాబుదా? 3000 వాట్లది తీసుకోవాలెనా? కొందరు మోటారు స్టార్టర్ డబ్బాల నుంచి ఒక ఫేజు తీసుకో, ఫ్రీ కరెంటే కదా అంటున్నరు. నాకు ధైర్యం చాలలేదు. తెలిసినోళ్లు చెప్పుండ్రి, మిరప సీజన్ నడుమల ఉన్నది.

జగిత్యాల వరి స్ప్రే

అక్కా, నేను ధర్మపురి, రాయికల్ దిక్కు వరికి కొడుత. బండి ఇన్వర్టర్ నేను కూడ పెట్టి చూసి విడిచిపెట్టిన. 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ తీసుకో, తిప్పలు పోతది. మామూలుది కాదు, ఇన్వర్టర్ జనరేటర్ అని అడుగు, అంటే లోడు మారినా వోల్టేజీ ఒక్క తీరుగ ఇచ్చేది. నేను మొదలు మామూలుది సెకండ్ హ్యాండ్‌ల తెచ్చిన. లోడు పడంగనే ఇంజన్ గుంజుడు, వోల్టేజీ ఎక్కుడు దిగుడు, ఛార్జర్ ఫ్యాన్ ఒకసారి స్పీడు ఒకసారి మెల్లగ. నెల రోజులకు ఛార్జర్ పోయింది. ఇప్పుడున్నది సప్పుడు తక్కువ, ఒక్కన్నే ఎత్తి దించుత. గంటకు లీటరు లోపే తాగుతది. ఒక సెట్టు నలభై నిమిషాలల్ల అయితది.

పొగ దిక్కు బ్యాటరీలు పెట్టకు, గాలి ఎటు పోతున్నదో చూసి పెట్టు. పెట్రోల్ డబ్బా ఛార్జర్ పక్కన అసలే ఉంచకు.

హన్మకొండ ఆటో ఎలక్ట్రీషియన్

చెల్లె, ఇరవై రెండేండ్ల సంది డైనమోలు, సెల్ఫ్ మోటార్లు చేసే పని నాది. మీ ఇన్వర్టర్ ఖరాబు కాలేదు. అది మంచిగ పనిచేసింది కాబట్టే ఆగింది. 3000 వాట్లది తెచ్చినా ఇట్లనే ఆగుతది, పైసలు పోతయి. జర ఓపికతోని చదువు, లెక్క పెద్దదేం కాదు.

ఛార్జర్ ఒక్కో ప్యాకుకు 16 ఆంపియర్లు ఇస్తున్నది. ప్యాకు వోల్టేజీ 23 అనుకో. రెండిటికి కలిపి 730 వాట్ల పైన. ఛార్జర్ల కొంత వేడి కింద పోతది, ఇన్వర్టర్ల ఇంకింత పోతది. ఆఖరికి బండి బ్యాటరీ నుంచి గుంజేది 950 వాట్ల దాక. 230 వోల్టుల ఇంట్ల ఇది నాలుగు ఆంపియర్ల ముచ్చట, ఇస్త్రీ పెట్టె అంత. 12 వోల్టుల కాడ ఇదే 80 ఆంపియర్లు, వోల్టేజీ పడిపోతే 90, 95. వాట్లు అవే ఉండాలె కాబట్టి వోల్టు తగ్గినకొద్ది ఆంపియర్ పెరుగుతది. మనోళ్లు ఇంటి కరెంటు అలవాటుల వాట్లే చూస్తరు, ఆంపియర్లు చూడరు. అక్కడ్నే వైరు కాలుతది.

6 స్క్వేర్ వైరు పోనురాను ఆరు మీటర్లు. దాంట్ల 95 ఆంపియర్లు పోతే ఇంచుమించు 1.8 వోల్టులు వైరులనే పడిపోతయి. బ్యాటరీ కాడ 12 ఉంటే ఇన్వర్టర్‌కు అందేది 10.2. అది పదిన్నర కాడ మొత్తుకోవాలె, పది కాడ బంద్ కావాలె. బ్యాటరీని కాపాడనీకి అట్ల చేసిండ్రు. మీకు నమ్మకం కుదరాలంటే రెండు వందల యాభై రూపాయల మీటర్ తెచ్చుకొని, ఛార్జింగ్ నడిచేటప్పుడు బ్యాటరీ బోల్టుల మీద ఎంత, ఇన్వర్టర్ బోల్టుల మీద ఎంత, రెండూ చూసి ఇక్కడ రాయి.

వైరు మార్చినా ఇంకో ముచ్చట ఉంటది. డైనమో మీద రాసిన ఆంపియర్లు ఇంజన్ ఉరుకుతున్నప్పటియి. ఇసొంటి చిన్న డీజిల్ బండ్లకు 60, 75 చూస్తుంట నేను. నిలబెట్టి ఐడ్లింగ్‌ల ఉంచితే దాంట్ల సగం వస్తే గొప్ప, ఇంజన్ వేడెక్కినంక ఇంక తగ్గుతది. బండి సొంత ఖర్చు కొంత పోంగ ఇన్వర్టర్‌కు మిగిలేది 30 ఆంపియర్లు. అంటే 400 వాట్లు. మీరు గుంజేది 950. మిగిలిన 550 ఎక్కడికెల్లి? బండి బ్యాటరీకెల్లి. అది సెల్ఫ్ కొట్టనీకి చేసిన బ్యాటరీ, పలుచటి ప్లేట్లు, ఒక్క దెబ్బకు మస్తు కరెంటు ఇచ్చి మళ్ల నిండాలె. దాన్ని మాటిమాటికి ఖాళీ చేస్తే తొందరగ చస్తది. మీ బండి తోయాల్సి వచ్చింది అందుకే.

ఇంక ఒకటి అడుగుత. సిగరెట్ సాకెట్‌కు ఏమన్న పెట్టినవా? అక్కడ 10, 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటది. ఫోను వరకే అది. ఇన్వర్టర్ వైరుకు ఫ్యూజు ఉన్నదా లేదా, అది చెప్పు ముందుగాల.

పరకాల డ్రోన్ అక్క

అన్నా, ఫ్యూజు లేదు. సిగరెట్ సాకెట్ ముట్టలేదు.

మీటర్ తెచ్చినం. మా ఆయన ఇంజన్ కాడ, నేను వెనకాల. ఛార్జింగ్ నడుస్తుండంగ బ్యాటరీ మీద 12.1. ఇన్వర్టర్ మీద 10.3. మీరు చెప్పిన 1.8 అట్లనే వచ్చింది! నాకు మస్తు సంతోషమైంది, ఖరాబు ఏందో తెలిస్తే సగం బాగైనట్టే. ట్రైనింగ్‌ల సెల్ వోల్టేజీలు చూసుడు నేర్పిండ్రు కని బండి దిక్కు ఎవ్వరు చెప్పలేదు.

డైనమో మీద 65ఏ అని ఉన్నది.

కరీంనగర్ పెళ్లి కెమెరా

మేము పెళ్లిళ్లకు ఎగిరేసే చిన్న డ్రోన్లు బండ్లనే ఛార్జ్ చేసుకుంటం అక్కా, ఒక్కనాడు ఇబ్బంది రాలేదు. ఊరేగింపు ఒక ఊర్ల, రిసెప్షన్ ఇంకో ఊర్ల ఉంటది, మధ్యల ప్రయాణంల బ్యాటరీలు నిండుతయి. మాది డీజేఐ మావిక్ 3, దాని బ్యాటరీ 77 వాట్ అవర్లు (వోల్టులను ఆంపియర్ అవర్లతోని గుణిస్తే వచ్చేది). మీ సెట్టు లెక్క చూసిన: 22.2 వోల్టులు, 16 ఆంపియర్ అవర్లు, రెండు ప్యాకులు, 710 వాట్ అవర్లు. అంటే మా బ్యాటరీలు తొమ్మిదిటికి మీ ఒక్క సెట్టు సమానం. అందుకే మా ముచ్చట మీకు పనికిరాదు. ఎవరన్న యూట్యూబ్‌ల “కారుల ఛార్జ్ చేసిన” అని చూపిస్తే ముందు వాట్ అవర్లు అడుగుండ్రి.

ఒక్కటి మాత్రం ఇద్దరికి పనికొస్తది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ ఉండాలె, అంటే ఇంటి కరెంటు లెక్కనే నున్నటి అలలు ఇచ్చేది. మొదలు మేము తక్కువ ధరది, మాడిఫైడ్ సైన్ వేవ్ తెచ్చినం. ఛార్జర్ గుయ్యిమని మోత, ముట్టుకుంటే కాలింది.

కాజీపేట రిటైర్డ్ లైన్ మనిషి

అమ్మా, విద్యుత్ పంపిణీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైర్ అయినవాణ్ని. మీరు చివర్లో అడిగిన స్టార్టర్ డబ్బా సంగతి దగ్గర ఆగిపోయాను. మిగతావాళ్లెవరూ దానికి జవాబు చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. మీకు ధైర్యం చాలకపోవడమే మంచిదైంది.

వ్యవసాయ మోటారు త్రీ ఫేజు. దానికి న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) అక్కర్లేదు. అందుకని చాలా బావుల దగ్గరికి మూడు ఫేజులే వస్తాయి, న్యూట్రల్ రాదు. అక్కడ 230 కావాలనుకునేవాళ్లు ఏం చేస్తారంటే, ఒక ఫేజు తీసుకొని రెండో వైరును ఇనుప రాడ్డుకు కట్టి తడి మట్టిలో దిగేస్తారు. బల్బు వెలుగుతుంది, పని అయిందనుకుంటారు. కానీ కరెంటు ఆ మట్టిలోంచి పోతోంది. రాడ్డు చుట్టూ నేల కూడా కరెంటు మీదే ఉంటుంది. నేను సర్వీసులో ఉన్నప్పుడు అట్లాంటి రాడ్డు దగ్గర పడిపోయిన బర్రెను చూశాను. ఆ రైతు దాని తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. మనిషి పోయిన చోట్లకు కూడా వెళ్లవలసి వచ్చింది, అవి రాయలేను.

ఒకవేళ న్యూట్రల్ ఉన్నా భరోసా లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ జాయింటు వదులైతే, లోడు సమానంగా లేనప్పుడు మీ 230 కాస్తా 300, 350, ఇంకా పైకి పోతుంది. రెండు ఫేజుల మధ్య ఎట్లాగూ 400 దాటి ఉంటుంది. పొద్దున అన్ని మోటార్లు ఒక్కసారి వేసినప్పుడు అదే లైనులో 180కి పడిపోవడం కూడా ఉంది. అంత ఖరీదైన ఛార్జర్, దానికి తగిలించిన లిథియం ప్యాకులు, పక్కన మీరు. దేనికి ఈ సాహసం?

ఇంకో విషయం. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఉంది, ఉచితమే, కానీ అది నీళ్లు తోడే మోటారుకు ఇచ్చిన కనెక్షన్. వేరే పనికి వాడితే రేపు ఇబ్బందిపడేది ఆ రైతు.

మీకు నిజంగా ఎంత కరెంటు కావాలో చూశారా? ఒక సెట్టులో డెబ్బై శాతం వాడుతున్నారు, 500 వాట్ అవర్లు. ఛార్జర్ నష్టం కలుపుకుంటే 550. ఐదు సెట్లకు మూడు యూనిట్లు కూడా కాదు! పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా గాలికి, ఎండకు మీరెట్లాగూ కొట్టరు కదా. ఆరు గంటలు ఉంది. ఆ ఊళ్లోనే రైతు ఇంట్లో మీటరున్న కనెక్షన్ మీద పెట్టుకోండి, ఆ మూడు యూనిట్ల డబ్బులు చేతిలో పెట్టండి. 800 వాట్ల లోడు మామూలు సాకెట్ మోస్తుంది. పెట్టేముందు ప్లగ్గు బిగువుగా ఉందా, మూడో పిన్నుకు ఎర్తు నిజంగా ఉందా చూసుకోండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉత్తదే ఉంటుంది. పావుగంట అయ్యాక ప్లగ్గును ఒకసారి ముట్టుకొని చూడండి, వేడిగా ఉంటే ఆ సాకెట్ వద్దు.

జగిత్యాల వరి స్ప్రే

పెద్దాయన చెప్పింది నిజం అక్కా. నాకు తెలిసిన పిలగాడు రాడ్డు దిగేసి నడిపిండు, రెండు ప్యాకులు ఉబ్బినయి, ఛార్జర్ బోర్డు నల్లగైంది. మనిషికేం కాలేదు, అదే సంతోషం.

మధ్యాహ్నం ఛార్జింగ్ అన్నరు కాబట్టి చెప్తున్న. దిగంగనే ప్యాకు వేడి ఉంటది, వెంటనే తగిలించొద్దు. నేను కరోనాప్పటి టెంపరేచర్ గన్ సర్ఫేస్ మోడుల పెట్టి చూస్త, 40 కిందికి వచ్చినంకనే ఛార్జర్ మీదికి. నీడల, గాలి తగిలేటట్టు అరగంట. తడి బట్ట కప్పుడు, ఐసు డబ్బాల పెట్టుడు చెయ్యకు, లోపట చెమ్మ చేరుతది. రేకుల కొట్టంల అసలే వద్దు, యాసంగి చివర్ల రేకు కింద పొయ్యి లెక్క ఉంటది. వేప చెట్టు కింద బండ మీద పెట్టుకొని పక్కన బకెట్‌ల ఇసుక ఉంచుకో. అన్నానికి పోయినా ఒకరిని కాడ కూసోబెట్టు.

హన్మకొండ ఆటో ఎలక్ట్రీషియన్

సార్ చెప్పిన లెక్క ముందు నాకు తట్టలేదు, మూడు యూనిట్లే కదా. చెల్లె, పెద్ద పని ఇంటి కరెంటుతోనే చేసుకో. బండి ఇన్వర్టర్‌ను ఒక ఎకరం అటుఇటు ఆదుకునేదానిగ ఉంచుకో. దాన్ని సరిగ కట్టే తీరు చెప్త.

ఆ 6 స్క్వేర్ వైరు పీకేయి. 35 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ తీసుకో, మెత్తగ ఉంటది, బండి ఊగినా విరగదు. అల్యూమినియం మీద రాగి పూత పూసినది అమ్ముతరు, కొస కోసి గీకి చూడు, లోపట తెల్లగుంటే వద్దు. అదే మూడు మీటర్ల దూరానికి అదే లోడు మీద వోల్టేజీ పడేది 0.3 మాత్రమే. రెండు కొసలకు థింబుల్స్ (బోల్టుకు పట్టే లోహపు కొసలు) హైడ్రాలిక్ క్రింపింగ్‌తోని నొక్కియ్యాలె. సుత్తెతోని కొట్టుడు, మధ్యల జోడు కట్టుడు వద్దు. మైనస్‌ను ఛాసీకి కట్టి ఊకోకుండ బ్యాటరీ దాక అసలు వైరే తీసుకపో.

ఫ్యూజు 125 ఆంపియర్లది, ప్లస్ బోల్టుకు జానెడు దూరంలనే. ఇన్వర్టర్ కాడ పెడితే లాభం లేదు. వైరు ఎక్కడన్న ఇనుముకు రాసుకొని తోలు పోతే బ్యాటరీ నుంచి ఆ జాగ దాక కాపాడేది ఏదీ ఉండది. మీ బాడీల పురుగుమందు డబ్బాలు ఉంటయి. ఒక్క నిప్పురవ్వ చాలు.

మూడోది, ఇదే ముఖ్యం. బండి మీద ఛార్జర్‌ను 16కు పెట్టకు. 6 ఆంపియర్లకు పెట్టు. అప్పుడు బండి నుంచి గుంజేది 350, 360 వాట్లు, ఐడ్లింగ్‌ల డైనమో ఇచ్చేదాంట్ల సరిపోతది. ఒక సెట్టుకు రెండు గంటలు పడుతది, పట్టనియ్యి. బ్యాటరీ బోల్టుల మీద మీటర్ 13 పైన చూపిస్తే మంచిగున్నట్టు. 12.5 కిందికి వస్తే ఛార్జర్ తీసెయ్యి, అంటే డైనమో కాదు, బ్యాటరీ ఇస్తున్నది. ఇంజన్ బంద్ చేసి ఒక్క నిమిషం కూడ నడపకు.

రేపు పైసలు చేతికొస్తే వేరే బాక్సు కట్టుకోవచ్చు. 24 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 100 ఆంపియర్ అవర్లు. డ్రోన్ల ఉండే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కన్న ఇది వేడికి ఓర్చుకుంటది, వేల సార్లు ఛార్జ్ చేసుకోవచ్చు. 2500 వాట్ అవర్లు పడుతయి, నష్టాలు పోంగ మీకు మూడున్నర సెట్లు. రాత్రి ఇంట్ల నింపుకో. ఛార్జర్ కొనేటప్పుడు డీసీ ఇన్‌పుట్ ఉన్నది చూసుకుంటే ఇన్వర్టరే అక్కర్లేదు, 24 నుంచి నేరుగ ప్యాకుకు పోతది. ఎందుకు 12ను 230కి ఎక్కించి మళ్ల 25కు దించుడు? ఎక్కినప్పుడు ఇంత, దిగినప్పుడు ఇంత పోతది. నడిచే బండ్ల లైపో ఛార్జింగ్ మాత్రం పెట్టకు, ఇరుకు బాడీల చూసేటోళ్లు ఉండరు.

పరకాల డ్రోన్ అక్క

అందరికి దండం. పన్నెండు రోజులైంది, ఏం చేసిననో రాస్తున్న.

కేబుల్ వరంగల్‌ల తెచ్చినం. మొదటి దుకాణంల గీకి చూస్తే తెల్లగ కనిపించింది, అన్నా మీరు చెప్పకపోతే అదే కొందుము. రెండో కాడ అసలు రాగి దొరికింది. చేతిల పట్టుకుంటే బరువే వేరే. ఫ్యూజు, థింబుల్స్, క్రింపింగ్ అన్నీ ఒక్క పూటల అయినయి. 6 ఆంపియర్లు పెట్టి ఇంజన్ ఆన్‌ల ఉంచితే బ్యాటరీ మీద 13.3, ఇన్వర్టర్ మీద 13.2. పీ పీ సప్పుడు లేదు. వైరు చల్లగ ఉన్నది. మా ఆయన పావుగంటకోసారి పోయి ముట్టుకొని చూస్తనే ఉన్నడు.

రేగొండ రైతు దగ్గరికే మళ్ల పోయిన. ముందుగాల ఆయనకే చేసి చూపియ్యాలనిపించింది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి మొదటి సెట్టు దిగంగనే నీడల పెట్టినం. అరగంటకు 38 చూపించింది, బండి ఛార్జర్‌కు తగిలించినం. ఐదు ఎకరాలు అయి, నాజిళ్లు కడిగి, నీళ్లు తాగి కూసునేటప్పటికి ఆ సెట్టు ఇంక నిండలేదు. తొమ్మిదింబావుకు నిండింది. ఆరో ఎకరం తొమ్మిదిన్నరకు కొట్టిన. తర్వాత గాలి లేచింది, బంద్ పెట్టినం.

మధ్యాహ్నం వాళ్లింటి అరుగు మీద ఛార్జింగ్. మొదటి సాకెట్‌ల ప్లగ్గు ఊగులాడింది, పెద్దాయన మాట యాదికొచ్చి ఇంకోదాంట్ల పెట్టిన. వాళ్ల అత్త నా పక్కనే పీట వేసుకొని కూసున్నది, నేను తినేటప్పుడు ఆమెనే కాపలా. ఎర్ర లైటు పచ్చగైతే కేకేయమని చెప్తే ఒక్క నిమిషం కన్ను తిప్పలేదు. వేడి తగ్గేదాక ఆగుడు, మార్చుడు అన్నీ కలిపి ఐదు గంటలల్ల ఐదు సెట్లు అయినయి. కరెంటుకని యాభై ఇస్తే తీసుకోలేదు, బలిమికి పిల్లగాని చేతుల పెట్టిన. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాక మిగిలిన మూడు ఎకరాలు వాళ్లవి, రెండు పక్క రైతువి. మొత్తం 11 ఎకరాలు. నాకు ఇప్పటిదాక ఇదే ఎక్కువ. ఎవ్వరి భుజానికి పంపు ఎక్కలేదు.

24 వోల్టుల బాక్సు సంగతి సంఘం మీటింగ్‌ల పెట్టిన. మిరప అయిపోయినంక చూద్దామన్నరు. జనరేటర్ కన్న అదే నయమనిపిస్తున్నది నాకు, పెట్రోల్ మందు డబ్బాల పక్కన మోసుడు నాకు ఇష్టం లేదు. జగిత్యాల అన్న ఏమనుకోవద్దు, మీకు వరిల వరుసగ వందల ఎకరాలు ఉంటయి, మీకు అదే సరి.

ఎలక్ట్రీషియన్ అన్నా, ఒక్క అనుమానం. ఆ ఫ్యూజు బండి కింది దిక్కు బయటనే ఉన్నది. కాలువ దాటినప్పుడు నీళ్లు, బురద ఎగిరి పడుతున్నయి. పాత ప్లాస్టిక్ డబ్బా కోసి మూత కట్టాల్నా?

హన్మకొండ ఆటో ఎలక్ట్రీషియన్

డబ్బా కోసి కడితే నీళ్లు లోపట నిలుస్తయి చెల్లె, వద్దు. మూతున్న ఫ్యూజు హోల్డర్ దొరుకుతది, దాన్ని బ్యాటరీ పెట్టె లోపటి గోడకు, పైకి బిగించు. వైరు కింది నుంచి రావాలె, పైనుంచి దిగొద్దు, లేకుంటే నీళ్లు వైరు పట్టుకొనే లోపటికి జారుతయి. బోల్టులకు పెట్రోలియం జెల్లీ రాయి. నెలకోసారి పానా పెట్టి బిగువు చూసుకో, మట్టి బాటల ఊగి వదులైతయి.